వర్గీకరణ – ఆపద్ధర్మం: భారత వైమానిక దళంలో విమానాల పాత్రల మార్పు (1942–1999)

వ్యాససంగ్రహం: సైనిక విమానాలను యుద్ధవిమానం, బాంబర్, రవాణా విమానం, నిఘా విమానం అని విభజించి చూడటం పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన పద్ధతి. భారత వైమానిక దళ చరిత్రలో ఈ విభజన అనేకసార్లు తారుమారైంది. ఆ మార్పులకు కారణాలేమిటో, వాటిలో యుక్తి పాలెంతో, వనరుల లేమి పాలెంతో, అందుకు చెల్లించిన మూల్యమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైమానిక దళం, లైశాండర్, డకోటా, ఆంటొనోవ్-12, మారుత్, మిగ్-21, కార్గిల్.

ఉపోద్ఘాతం

విశాఖపట్నం బీచ్ రోడ్డులో సముద్రం వైపు ఇసుకలో కురుసుర జలాంతర్గామి ఉంది. రోడ్డుకు ఆవలి పక్కన 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం సందర్శకులకు కనిపిస్తుంది. జలాంతర్గామిని వెతికి పట్టుకొని ముంచడమే ఆ విమానం పని. వేటాడేది, వేటాడబడేది ఎదురెదురుగా మ్యూజియాలుగా నిలిచిన చోటు ఇది. అయితే టీయూ-142 పుట్టుకలో సముద్రం లేదు. అణుబాంబుతో ఖండాలు దాటి వెళ్ళడానికి సోవియట్ యూనియన్ తయారుచేసిన టీయూ-95 బాంబర్ దీనికి మూలం. బాంబర్‌ను ఎక్కువ దూరం ఎగిరేలా చేసిన గుణమే మహాసముద్రంపై గంటల తరబడి గస్తీ తిరగడానికీ పనికివచ్చింది. 1988 నుంచి 2017 దాకా భారత నౌకాదళం వాడుకున్నది ఆ గుణాన్నే.

ఈ ఉదాహరణలో మార్పు రూపకల్పన బల్లపైనే జరిగింది. ఇంజనీర్లు కావాలని చేశారు. చరిత్రకారుడికి మరింత ఆసక్తి కలిగించేవి యుద్ధం మధ్యలో, రన్‌వే అంచున, తరచూ ఒక్క రాత్రిలో జరిగిన మార్పులు. వాటిని సైనిక సాహిత్యం సాధారణంగా సమయస్ఫూర్తికి నిదర్శనాలుగా కీర్తిస్తుంది. ఆ కీర్తనలో అసత్యం లేదు. కాని ధర్మశాస్త్రాలు ఆపద్ధర్మాన్ని ధర్మంతో సమానం చేయలేదు. ఆపద ఎలా వచ్చిందన్న ప్రశ్న అక్కడ కూడా మిగిలే ఉంటుంది.

విభజన పుట్టుక

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు విమానానికి ఉన్న పని ఒక్కటే, శత్రువు కదలికలను పైనుంచి చూసి రావడం. చూడటానికి వచ్చినవాడిని అడ్డుకోవలసిన అవసరం నుంచి యుద్ధవిమానం పుట్టింది. 1915లో జర్మన్ పక్షాన ఫోకర్ విమానంలో ప్రొపెల్లర్ రెక్కల మధ్య సందు చూసి మరతుపాకీ పేలే ఏర్పాటు వచ్చిన తరువాతనే అది ప్రత్యేక జాతిగా నిలిచింది. బాంబులు మోసే పెద్ద విమానాలు మరో శాఖగా ఎదిగాయి. యుద్ధం ముగిసేనాటికి నేటి వర్గాలన్నీ ఏదో ఒక రూపంలో ఉన్నాయి.

ఈ చరిత్రలో హైదరాబాదుకు ఒక చిన్న స్థానముంది. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లను నిజాం విరాళంగా ఇవ్వడంతో దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న పేరు వచ్చింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డీహెచ్-9ఏ విడిభాగాలను వీలైనంత వాడుకోవాలన్న షరతుతో బ్రిటిష్ ప్రభుత్వం కొత్త విమానం కోరింది. దానికి జవాబుగా వచ్చిన వెస్ట్‌లాండ్ వాపిటీయే 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో ఏర్పడిన భారత వైమానిక దళపు తొలి దళానికి దక్కిన విమానం. నాలుగంటే నాలుగు వాపిటీలు. పదాతిదళానికి తోడ్పడటం, నిఘా, అవసరమైతే బాంబులు వేయడం, అన్నిటికీ అదే. వాపిటీకి ‘సర్వప్రయోజన విమానం’ అన్న పేరుండేది. వలసప్రాంతాలకు ఒక్కో పనికి ఒక్కో విమానం ఇచ్చే ఉద్దేశం సామ్రాజ్యానికి లేదన్నది ఆ పేరులోని అసలు అర్థం.

ఒకే రూపశిల్పి, మూడు విమానాలు

బ్రిటిష్ రూపశిల్పి పెట్టర్ మూడు వేర్వేరు సంస్థల్లో పనిచేస్తూ రూపొందించిన లైశాండర్, కాన్బెర్రా, న్యాట్ అనే మూడు విమానాలూ భారత వైమానిక దళంలో చేరాయి. మూడూ నిర్దిష్టమైన పనికోసం పుట్టినవే.

లైశాండర్ ఎత్తైన రెక్క, ఇద్దరికి చోటు ఉన్న విమానం. కొద్దిపాటి పొలంలోనూ దిగగలదు. సైన్యానికి కన్నుగా పనిచేయడమే దానికి నిర్దేశించిన విధి. 1942 ఫిబ్రవరిలో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకువస్తున్నప్పుడు స్క్వాడ్రన్ లీడర్ కె.కె. మజుందార్ నాయకత్వంలోని 1వ స్క్వాడ్రన్ టౌంగూలో ఉంది. వారి చేతిలో బాంబర్లు లేవు. లైశాండర్‌కే 250 పౌండ్ల బాంబులు తగిలించి, థాయిలాండ్‌లో జపాన్ వారి చేతిలో ఉన్న మే హౌంగ్‌సాన్ విమానక్షేత్రంపై మజుందార్ దాడి చేశాడు. తరువాత స్క్వాడ్రన్ అంతా అదే పనిలోకి దిగింది. మజుందార్‌కు డీఎఫ్‌సీ పతకం లభించింది. భారతీయుల నడిపే దళానికి యుద్ధంలో వచ్చిన తొలి పెద్ద గుర్తింపు, ఆ విమానానికి ఉద్దేశించని పని ద్వారా రావడం గమనించదగినది. ఇదే లైశాండర్ ఐరోపాలో రాత్రివేళ ఫ్రాన్స్ పొలాల్లో గూఢచారులను దించింది. వెన్నెలే దానికి దీపం.

కాన్బెర్రా 1949లో తొలిసారి ఎగిరింది. తనను తాను కాపాడుకోవడానికి తుపాకులు పెట్టుకోని బాంబర్ అది. యుద్ధవిమానాలు అందుకోలేని ఎత్తు, వేగమే దానికి కవచం. భారత్ కొన్న రకం మాత్రం తక్కువ ఎత్తులో శత్రు స్థావరాలలోకి చొరబడి దాడి చేయడానికి మార్చినది. 1961లో ఐక్యరాజ్యసమితి పక్షాన కాంగో వెళ్ళిన 5వ స్క్వాడ్రన్ కాన్బెర్రాలు కొల్వేజీ విమానక్షేత్రంపై దాడి చేశాయి. అదే విమానపు ఛాయాచిత్ర నిఘా రూపం 106వ స్క్వాడ్రన్‌లో దశాబ్దాలపాటు పనిచేసింది. 1999 మే 21న కార్గిల్ కొండలపై ఫొటోలు తీస్తున్న ఒక కాన్బెర్రాకు భుజంపైనుంచి ప్రయోగించే క్షిపణి తగిలింది. ఒక ఇంజన్ దెబ్బతిన్నా అది శ్రీనగర్‌లో దిగింది. సరిగ్గా యాభై ఏళ్ళ క్రితం ‘ఎవరూ అందుకోలేనిది’గా పుట్టిన విమానాన్ని, కొండ శిఖరం మీద నిలబడిన సైనికుడొకడు అందుకోగలిగాడు. ఎత్తు మారలేదు, నేలే పైకి వచ్చింది.

న్యాట్ కథ మరో రకం. యుద్ధవిమానాలు బరువెక్కి ఖరీదైపోతున్నాయని పెట్టర్‌కు అసంతృప్తి. అందుకు ప్రతిగా చిన్నది, తేలికైనది, చౌకైనది తయారుచేశాడు. బ్రిటిష్ వైమానిక దళం దాన్ని యుద్ధానికి తీసుకోలేదు. రెండు సీట్ల శిక్షణ విమానంగానే వాడుకుంది. విదేశమారక ద్రవ్యం కరువైన భారత్‌కు ఆ చౌకతనమే ఆకర్షణ అయింది. బెంగళూరులోని హిందూస్థాన్ సంస్థలో లైసెన్స్‌తో తయారైంది. నియంత్రణ వ్యవస్థ లోపాలూ, మొరాయించే తుపాకులూ పైలట్లను వేధించినా, 1965లోనూ 1971లోనూ సేబర్ జెట్లను ఎదుర్కొన్నది అదే. పరమవీరచక్ర పొందిన ఏకైక వైమానిక దళ యోధుడు నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నడిపింది న్యాట్‌నే. పుట్టిన దేశంలో యుద్ధవిమానం కాలేకపోయినది కొనుక్కున్న దేశంలో అయింది.

బరువు మోసే విమానాలు

భారత వైమానిక దళ చరిత్రను యుద్ధవిమానాల చరిత్రగా రాయడం వాడుకైపోయింది. స్వాతంత్ర్యానంతర తొలి పదిహేనేళ్ళలో దేశ సరిహద్దుల విషయంలో నిర్ణాయకమైనది రవాణా విమానమే.

1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ను శ్రీనగర్ చేర్చినవి డకోటాలు. ప్రయాణికుల విమానమైన డీసీ-3కి సైనిక రూపమది. విమానక్షేత్రం అప్పటికే దాడిదారుల చేతికి చిక్కిందో లేదో ఢిల్లీలో తెలియదు. ముందు చుట్టూ తిరిగి చూసి, అనుమానముంటే దిగవద్దన్నది ఆదేశం. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని, లద్దాఖీ ఇంజనీర్ సోనమ్ నోర్బూ హడావిడిగా సిద్ధం చేయించిన లేహ్ మైదానంలో డకోటాను దించాడు. ఆ చోటు సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. డకోటా లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు. ఆ యుద్ధంలోనే డకోటా తలుపు తెరిచి బాంబులను చేతులతో దొర్లించి వేసిన సందర్భాలూ ఉన్నాయి.

1962లో చైనాతో యుద్ధానికి వచ్చేసరికి బరువంతా రవాణా విమానాల మీదే పడింది. యుద్ధవిమానాలను, బాంబర్లను దాడికి వాడకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. చైనా ప్రతిదాడికి దిగితే కలకత్తా వంటి నగరాలకు రక్షణ లేదన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉంది; ఆ భయం ఎంతవరకు సమంజసమన్న చర్చ నేటికీ తెగలేదు. తెగనిది అది ఒక్కటే. రవాణా దళం చేసినది మాత్రం స్పష్టం. అంతకు ఒక ఏడాది ముందే చేరిన ఆంటొనోవ్-12 విమానాలు అక్టోబరు 25న ఏఎంఎక్స్-13 ట్యాంకులను చుషూల్‌లో దించాయి. ఒక్కొక్క ట్యాంకు బరువు సుమారు పద్నాలుగు టన్నులు. చుషూల్ 14,000 అడుగులకు పైన. ప్యాకెట్ విమానాలు అదే ఏడాది వేసవిలో 16,000 అడుగులకు మించిన దౌలత్ బేగ్ ఓల్డీలో దిగాయి. పలుచని గాలిలో ప్యాకెట్ ఇంజన్ల శక్తి చాలక, తరువాత వీపు మీద ఒక ఓర్ఫియస్ జెట్ ఇంజన్‌ను బిగించారు. న్యాట్‌ను నడిపిన ఇంజనే సరుకు బండిని కొండెక్కించింది.

1971లో పాత్ర పూర్తిగా తిరగబడింది. డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాన్ దాడి జరిగిన కొద్ది గంటలకే 44వ స్క్వాడ్రన్ ఆంటొనోవ్‌లు లాహోర్‌కు దక్షిణాన ఉన్న ఛాంగా మాంగా అడవిలోని ఆయుధ నిల్వలపైకి వెళ్ళాయి. సరుకు దించే వెనుక తలుపు గుండా పలకల మీద పేర్చిన బాంబులు జారిపడ్డాయి. ఆ దాడులకు నాయకత్వం వహించిన వింగ్ కమాండర్ వశిష్ఠ్‌కు మహావీరచక్ర లభించింది. శత్రు రాడార్‌కు దొరకని తక్కువ ఎత్తులో, బాంబు గురి చూసే సరైన పరికరం లేని భారీ విమానాన్ని చీకట్లో నడపడం సామాన్యమైన పని కాదు. అయితే తగినన్ని బరువైన బాంబర్లు ఉన్న దళం ఆ ప్రయోగానికి దిగవలసి వచ్చేది కాదు.

ఇదే యుద్ధానికి ముందు దీమాపూర్‌లో బంగ్లా విముక్తి యోధుల కోసం ఏర్పడిన ‘కిలో ఫ్లైట్’ ఇంకా విచిత్రమైనది. ఒక ఆటర్, ఒక ఆల్వెట్ హెలికాప్టర్, ఒక డకోటా. మూడూ సాయుధ పోరాటానికి పుట్టినవి కావు. ఆటర్‌కు, హెలికాప్టర్‌కు రాకెట్లు అమర్చారు. డిసెంబరు ఆరంభంలో చిట్టగాంగ్, నారాయణ్‌గంజ్ ప్రాంతాల ఇంధన నిల్వలపై అవి దాడి చేశాయి. డకోటాకూ బాంబుల శిక్షణ ఇచ్చారు. కాని ఇంజన్ పొగగొట్టం నుంచి వచ్చే మంట రాత్రివేళ దాని జాడ చెప్పేస్తుందని గ్రహించి, మళ్ళీ రవాణా పనికే మళ్ళించారు. మార్పు సాధ్యం కాదని ముందే గుర్తించిన ఇటువంటి సందర్భాలు చరిత్రలో అరుదుగా నమోదవుతాయి. వీరగాథకు అవి పనికిరావు కదా.

మారుత్: ఇంజన్ నిర్ణయించిన పాత్ర

మారుత్ విషయంలో పాత్రను మార్చినది యుద్ధం కాదు. 1950ల మధ్యలో వైమానిక దళం కోరినది శబ్దవేగానికి రెండింతల వేగంతో ఎత్తులో శత్రువును అడ్డగించగల, నేలకు దగ్గరగా దాడి కూడా చేయగల స్వదేశీ విమానం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఫోక్-వుల్ఫ్ 190ను ఇచ్చిన కుర్ట్ టాంక్‌ను 1956లో బెంగళూరుకు రప్పించారు. పూర్తి పరిమాణంలో చెక్కతో గ్లైడర్ తయారుచేసి 1959లో ఎగురవేసి ఆకృతిని పరీక్షించారు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ చేతిలో అసలు విమానం ఎగిరింది. వాయుగతి శాస్త్ర దృష్టితో అది చక్కని ఆకృతి. ఆసియాలో సోవియట్ భూభాగానికి వెలుపల రూపుదిద్దుకున్న తొలి సూపర్‌సోనిక్ ప్రయత్నాలలో ఒకటి.

లోపమంతా దాని లోపలున్న ఇంజన్‌ది. ఆ విమానం ఆశించినది ఓర్ఫియస్ కుటుంబంలో రానున్న శక్తిమంతమైన, అదనపు ఇంధనం మండించే రూపాన్ని. ఐరోపా దేశాలకు దాని అవసరం తీరిపోయింది. అభివృద్ధి వ్యయాన్ని భారత్ భరించాలన్నారు తయారీదారులు, భారత్ ఒప్పుకోలేదు. తాత్కాలికంగా పెట్టిన, న్యాట్ ఇంజన్‌కు దగ్గరి బంధువైన చిన్న ఓర్ఫియస్‌లే రెండూ చివరిదాకా మిగిలాయి. ఈజిప్టు ఇంజన్‌తో ఒక మారుత్‌ను ఆ దేశంలోనే ఎగరేసి చూశారు. ఆ ఇంజన్ పథకమే ఆగిపోయింది. బెంగళూరులో ఓర్ఫియస్‌కు అదనపు మంట జోడించే ప్రయత్నంలో 1970 జనవరి 10న పరీక్షా విమానం కూలి సురంజన్ దాస్ మరణించాడు. తొలిసారి ఆ విమానాన్ని గాల్లోకి లేపిన పైలట్ దాని ఇంజన్ కొరతకే బలయ్యాడు.

ఫలితంగా అడ్డగింత విమానం కావలసినది భూతల దాడి విమానంగా మిగిలింది. శబ్దవేగపు హద్దును దాటి ముందుకు పోలేని ఆ విమానం నేలకు దగ్గరగా మాత్రం స్థిరంగా, హాయిగా ఎగిరేది. 1971 డిసెంబరులో 10వ, 220వ స్క్వాడ్రన్ల మారుత్‌లు రాజస్థాన్ వైపు నుంచి సింధ్‌లోని రైళ్ళు, ట్యాంకులు, ఇంధన నిల్వలపై దాడి చేశాయి. గగన పోరాటంలో ఒక్క మారుత్ కూడా కూలలేదు. ఒక ఇంజన్ దెబ్బతిన్నా రెండోదానితో స్థావరం చేరిన సందర్భాలున్నాయి. శక్తి చాలక పెట్టిన జంట ఇంజన్లు ప్రాణరక్షణకు ఉపకరించాయన్నమాట. మొత్తం 147 విమానాలతో ఉత్పత్తి ముగిసింది. మారుత్‌ను విఫల పథకమనేవారు మొదటి నిర్దేశాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. విజయమనేవారు 1971ని చూపుతారు. ఇంజన్ పరిజ్ఞానంపై ఖర్చు పెట్టడానికి ఆనాడు వెనుకాడిన నిర్ణయాన్ని ఆ రెండు వాదాలూ పక్కన పెట్టేస్తున్నాయి. మారుత్ నుంచి నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే అది ఆ నిర్ణయంలోనే ఉంది.

ఛంబ్, లోంగేవాలా, ఢాకా

1965 సెప్టెంబరు 1న ఛంబ్ రంగంలో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు చొచ్చుకువచ్చినప్పుడు సాయంత్రం పఠాన్‌కోట్ నుంచి లేచిన వాటిలో వాంపైర్‌లు ఉన్నాయి. 1948లో భారత్ చేతికి వచ్చిన మొట్టమొదటి జెట్ విమానం వాంపైర్. పదిహేడేళ్ళ తరువాత దాన్ని సేబర్‌లు తిరిగే ఆకాశంలోకి పంపారు. నాలుగు వాంపైర్‌లు పోయాయి. ముగ్గురు పైలట్లు మరణించారు. ఆ సాయంత్రం తరువాత వాంపైర్‌లను ముందు వరుస నుంచి తప్పించారు. కాలం చెల్లిన యుద్ధవిమానానికి భూతల దాడి పని అప్పగించడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. ఆకాశం తమ చేతిలో ఉన్నప్పుడే అది చెల్లుతుంది.

1971 డిసెంబరు 5న లోంగేవాలా దగ్గర ఆకాశం భారత్ చేతిలో ఉంది. అడ్డగింత విమానంగా పుట్టిన హంటర్‌లు రాత్రి యుద్ధం చేయలేవు గనుక జైసల్మేర్‌లో తెల్లవారే దాకా ఆగాయి. తెల్లవారాక పైన శత్రు యుద్ధవిమానం ఒక్కటీ లేదు. సైన్యపు పరిశీలక విమానం కృషక్ లక్ష్యాలు చూపుతుండగా ఇసుకలో దారి తెలియక తిరుగుతున్న ట్యాంకులను అవి రాకెట్లతో, కానన్లతో ధ్వంసం చేశాయి. వాంపైర్‌కూ హంటర్‌కూ ఇచ్చిన పని ఒకటే. ఆకాశం మీద ఆధిపత్యమే ఫలితాలను వేరుచేసింది.

మిగ్-21 ఎత్తులో వచ్చే బాంబర్‌ను వేగంగా చేరి క్షిపణితో కూల్చడానికి పుట్టింది. భారత్‌లో దాని తయారీ మూడు చోట్ల సాగింది: ఆకృతి నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో. హిందూస్థాన్ సంస్థ హైదరాబాద్ విభాగం ఆవిర్భావానికి కారణమే మిగ్-21. తొలి భారీ ఉత్పత్తి రకానికి లోపల తుపాకీ లేదు. పొట్ట కింద విడిగా తగిలించే తుపాకీ పెట్టెను తరువాత అమర్చుకున్నారు. 1971లో అది తూర్పున తేజ్‌గావ్ రన్‌వేను 500 కిలోల బాంబులతో తవ్వి, ఢాకాలోని పాకిస్తాన్ యుద్ధవిమానాలను నేలకు కట్టేసింది. డిసెంబరు 14న ఢాకాలోని గవర్నర్ భవనంపై మిగ్-21లు రాకెట్లు ప్రయోగించాయి; లోపల సమావేశంలో ఉన్న గవర్నర్ మాలిక్ ఆనాడే రాజీనామా చేశాడు. అడ్డగింత విమానం ఒక ప్రభుత్వాన్ని పడగొట్టడం ఏ వర్గీకరణ పట్టికలోనూ లేని పాత్ర.

కార్గిల్

1999 మే 26న వైమానిక దాడులు మొదలయ్యేనాటికి యుద్ధక్షేత్రం 15,000 అడుగులకు మించిన ఎత్తులో ఉంది. దాడి హెలికాప్టర్‌గా పుట్టిన ఎంఐ-25, ఎంఐ-35లు ఆ పలుచని గాలిలో పనికిరాలేదు. సైనికులనూ సరుకులనూ మోసే ఎంఐ-17కు రాకెట్లు అమర్చి పంపారు. 27న ఒక మిగ్-27 ఇంజన్ ఆగి కూలింది. దాని పైలట్ జాడ వెతకడానికి ఉండిపోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా మిగ్-21 క్షిపణికి గురైంది. 28న ఒక ఎంఐ-17ను క్షిపణి కూల్చింది. అందులోని నలుగురూ మరణించారు. క్షిపణిని తప్పుదారి పట్టించే ఫ్లేర్‌లు ఆ హెలికాప్టర్‌లో లేవు. రవాణాకు కొన్న యంత్రానికి ఆయుధం తగిలించడం ఒక రోజు పని. దాడి యంత్రానికి ఉండవలసిన రక్షణను సమకూర్చడం అంత సులువు కాదు.

ఆ నష్టం తరువాత సాయుధ హెలికాప్టర్లను ఆ దాడుల నుంచి తప్పించి, మిగిలిన విమానాలను క్షిపణికి అందని ఎత్తు నుంచి దాడి చేయమన్నారు. ఆ ఎత్తు నుంచి కొండ శిఖరంపై గుడారాన్ని కొట్టాలంటే గురి చూసే సాధనం కావాలి. పాకిస్తాన్ ఎఫ్-16లకు జవాబుగా 1980లలో కొన్న మిరాజ్-2000 ముందుకు వచ్చింది ఇక్కడే. జూన్ 17న ముంథో ధాలో సరఫరా శిబిరంపై మామూలు బాంబులతో, 24న టైగర్ హిల్‌పై లేజర్ మార్గదర్శక బాంబుతో అది దాడి చేసింది. ఆ లేజర్ పరికరాన్ని విమానానికి జతచేసే పని యుద్ధం మొదలైన తరువాత, దాడులకు మధ్య దొరికిన కొద్ది వారాల్లో పూర్తయింది.